డ్రోన్ మీద విడి రికార్డర్: ఎవరికి అవసరం, ఎవరికి భారం

డ్రోన్ వీడియో నాణ్యతను పెంచుకోవడానికి బయటి రికార్డర్ (కెమెరా తీసిన వీడియోను విడిగా భద్రపరిచే చిన్న పరికరం) అమర్చుకోవచ్చా అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను సొంతంగా తయారుచేసుకున్న ఆరు రెక్కల డ్రోన్‌కు పానాసోనిక్ జీహెచ్4 కెమెరా కట్టి కోనసీమ లంకలను, కొబ్బరి తోటలను, గోదావరి పాయలను చిత్రీకరిస్తున్నాను. అన్నీ కలిపి బరువు సుమారు 5 కిలోలు ఉంటుంది, 15 నిమిషాలు ఎగురుతుంది. అదే కెమెరాతో నేల మీద తీస్తే దృశ్యం చక్కగా వస్తోంది కాని, పైనుంచి తీస్తే నీటి ఉపరితలం గళ్లు గళ్లుగా విరిగిపోతోంది, సాయంత్రపు ఆకాశంలో చారలు కనిపిస్తున్నాయి. తేలికైన బయటి రికార్డర్ పెడితే ఈ లోపాలు పోతాయా? — ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: మీరు చెప్పిన రెండు లోపాలకూ కారణాలు వేరు కాబట్టి విడివిడిగా చూద్దాం. నీటి మీద గళ్లు కనిపించడానికి కారణం కుదింపు. జీహెచ్4 తన కార్డులోకి 4కె (3840×2160 పిక్సెళ్ల) వీడియోను సెకనుకు 100 మెగాబిట్లకు కుదించి రాస్తుంది. ఈ పద్ధతిలో ప్రతి ఫ్రేమునూ పూర్తిగా భద్రపరచరు. కొన్ని ఫ్రేములకు ఒకసారి పూర్తి చిత్రాన్ని రాసి, మధ్యలో వచ్చే వాటికి మారిన భాగాన్ని మాత్రమే రాస్తారు. స్టాండు మీద నిలబెట్టిన కెమెరా ముందు ఒక మనిషి కూర్చుని మాట్లాడుతున్నప్పుడు మారేది చాలా తక్కువ కనుక ఆ 100 మెగాబిట్లు ధారాళంగా సరిపోతాయి. డ్రోన్ ముందుకు సాగుతున్నప్పుడు ఫ్రేము మొత్తం కదులుతుంది, దానికి తోడు అలల మీది మెరుపులూ గాలికి ఊగే కొబ్బరి మట్టలూ వరి వెన్నులూ ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు కదులుతాయి. ఆ వివరాలన్నిటికీ చాలినన్ని బిట్లు లేక కెమెరా వాటిని చిన్న చిన్న చదరాలుగా సర్దేస్తుంది. కోనసీమ వంటి చోట, నీరూ ఆకూ తప్ప మరొకటి లేని దృశ్యంలో, ఈ లోపం ఎక్కడికన్నా ఎక్కువగా బయటపడుతుంది.

ఆకాశంలో చారలకు కారణం 8-బిట్ రికార్డింగు. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికీ 256 మెట్లు మాత్రమే ఉంటాయి. పొద్దుగూకే వేళ ఆకాశం నారింజ నుంచి నీలంలోకి ఎంతో నెమ్మదిగా మారుతుంది. అంత విశాలమైన మార్పుకు ఆ మెట్లు చాలక ఒక మెట్టుకూ తరువాతి మెట్టుకూ మధ్య గీత తెలిసిపోతుంది. ఎడిటింగులో రంగులు దిద్దినప్పుడు ఆ గీత మరింత స్ఫుటమవుతుంది. 10-బిట్ రికార్డింగులో ఒక్కో రంగుకు 1,024 మెట్లు ఉంటాయి కనుక చారలు దాదాపు కనిపించవు.

ఇక బయటి రికార్డర్ సంగతి. అది కెమెరా హెచ్‌డీఎంఐ ద్వారం నుంచి వచ్చే కుదించని సంకేతాన్ని తీసుకుని, ప్రోరెస్ వంటి తక్కువగా కుదించే ఫార్మాట్‌లో, ప్రతి ఫ్రేమునూ దానికదిగా భద్రపరుస్తుంది. అందువల్ల గళ్లు పోతాయి. చారలు పోతాయా లేదా అన్నది మాత్రం హెచ్‌డీఎంఐ నుంచి ఏమి వస్తోంది అన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. బావిలో లేనిది చేదలోకి రాదు. 8-బిట్ సంకేతాన్ని 10-బిట్ ప్రోరెస్ ఫైలులో రాసినంత మాత్రాన కొత్త మెట్లు పుట్టవు. రికార్డర్ కొనేవారు కెమెరా మాన్యువల్‌లో మొట్టమొదట వెతకవలసిన సమాచారం ఇదే, సాధారణంగా ఎవరూ వెతకనిదీ ఇదే. ఈ విషయంలో మీ కెమెరా మంచిదే: 2014లో వచ్చిన జీహెచ్4 లోపలి కార్డులోకి 8-బిట్, 4:2:0 మాత్రమే రాసినా, హెచ్‌డీఎంఐ ద్వారా 10-బిట్, 4:2:2 ఇవ్వగలదు. 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక రంగు నమూనా ఉంటే, 4:2:2లో రెండు పిక్సెళ్లకు ఒకటి ఉంటుంది. అయితే 10-బిట్ అవుట్‌పుట్ ఎంచుకున్నప్పుడు ఈ కెమెరా లోపలి కార్డులోకి ఏమీ రాయదని గమనించండి. ఆకాశంలో రికార్డర్ ఆగిపోతే మీ దగ్గర ఆ దృశ్యపు ప్రతి మరొకటి ఉండదు.

తేలికైన రికార్డర్ అనగానే అందరూ చెప్పే పేరు అటోమోస్ నింజా స్టార్. 2014లో డ్రోన్లనూ యాక్షన్ కెమెరాలనూ దృష్టిలో పెట్టుకునే దానిని తెరలేకుండా, 130 గ్రాముల బరువుతో తయారుచేశారు. సీఫాస్ట్ కార్డులోకి ప్రోరెస్‌లో రాస్తుంది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి చొప్పున హెచ్‌డీఎంఐ ద్వారాలు ఉన్నాయి. ఇప్పుడు దాన్ని సెకండ్‌హ్యాండ్‌లోనే వెతుక్కోవాలి. దానికి ఉన్న అసలు పరిమితి 1080 (1920×1080 పిక్సెళ్లు, 4కెలో నాలుగో వంతు) దాటి రాయలేకపోవడం. అంటే మీరు 4కె 8-బిట్‌కూ 1080 10-బిట్‌కూ మధ్య ఒకటి ఎంచుకోవలసి ఉంటుంది. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. 4కె 4:2:0 వీడియోను ఎడిటింగులో 1080కి తగ్గిస్తే, నాలుగు పిక్సెళ్లు ఒక పిక్సెలుగా మారి, ప్రతి పిక్సెలుకూ సొంత రంగు నమూనా మిగులుతుంది. గళ్లు కూడా పొడవునా వెడల్పునా సగానికి కుదించుకుపోయి చాలావరకు మాయమవుతాయి. మీ తుది వీడియో 1080లోనే అయితే రంగు నమూనాల విషయంలో రికార్డర్ ఇచ్చే లాభం ఈ ఒక్క పనితోనే దక్కుతుంది. ఆకాశపు చారలు మాత్రం ఈ పద్ధతికి పూర్తిగా లొంగవు, ఎందుకంటే నున్నటి ఆకాశంలో పక్కపక్క పిక్సెళ్ల విలువ ఒకటే కనుక వాటి సగటు కూడా అదే అవుతుంది.

బరువు లెక్కను కూడా జాగ్రత్తగా చూడండి. 130 గ్రాములు రికార్డర్ ఒక్కదాని బరువు. సోనీ ఎన్‌పీ-ఎఫ్ రకం చిన్న బ్యాటరీకి సుమారు 100 గ్రాములు, కార్డు, కేబుల్, బిగింపు పట్టీ కలుపుకుంటే 300 గ్రాముల దాకా చేరుతుంది. గాలిలో నిలిచి ఉండడానికి కావలసిన శక్తి బరువు కంటే వేగంగా పెరుగుతుంది. 5 కిలోల మీద 300 గ్రాములు అంటే బరువులో 6 శాతం, శక్తిలో సుమారు 9 శాతం. మీ 15 నిమిషాలు 14 నిమిషాల లోపుకు దిగుతాయి. మీ డ్రోన్ దీన్ని మోయగలదు. ఒకటిన్నర కిలో ఉండే చిన్న డ్రోన్ మీద ఇదే బరువు పెడితే ఎగిరే సమయంలో నాలుగో వంతు పోతుంది.

రికార్డర్‌ను గింబల్ (కెమెరా కుదుపులను మోటార్లతో సరిచేసే పీఠం) మీద కాక డ్రోన్ శరీరానికే, బరువు కేంద్రానికి దగ్గరగా బిగించాలి. అప్పుడు గింబల్ దాటి వెళ్లేది కేబుల్ ఒక్కటే అవుతుంది. ఆ కేబుల్ మందంగా, బిరుసుగా ఉంటే గింబల్ మోటార్లు క్షణక్షణం దానితో పెనుగులాడి, చిత్రంలో సన్నని వణుకు పుడుతుంది. సన్నని, మెత్తని కేబుల్‌ను వదులుగా వంపు తిప్పి అమర్చాలి. మైక్రో హెచ్‌డీఎంఐ ద్వారం ప్రకంపనలకు ఇట్టే వదులవుతుంది కనుక ప్లగ్గును కెమెరాకు పట్టీతో బిగించడం తప్పనిసరి. ఇంతకంటే ముఖ్యమైనది జీపీఎస్. ఉపగ్రహ సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర అతి బలహీనంగా నేలకు చేరుతుంది, సరైన కవచం లేని హెచ్‌డీఎంఐ కేబుల్ వెదజల్లే రేడియో రొద దాన్ని సులువుగా ముంచేస్తుంది. ఎగరడానికి ముందు ప్రాపెల్లర్లు తీసేసి, ఆరుబయట, రికార్డర్ ఆపి ఎన్ని ఉపగ్రహాలు దొరుకుతున్నాయో చూడండి. తరువాత కెమెరా, రికార్డర్ రెండూ నడిపి మళ్లీ చూడండి. సంఖ్య గణనీయంగా పడిపోతే కేబుల్ మార్చాలి, జీపీఎస్ యాంటెన్నాను పొడవైన కడ్డీ మీదికి ఎత్తాలి. నది మీద ఎగిరేటప్పుడు జీపీఎస్ తప్పితే డ్రోన్ నీటి పాలే. కింద మీరు చూసుకునే దృశ్యం కూడా ఇదే హెచ్‌డీఎంఐ నుంచే వెళ్తుంటుంది కనుక, సంకేతాన్ని ముందుకు పంపే రెండో ద్వారం లేని రికార్డర్‌ను మీరు వాడలేరు.

ఇన్ని చెప్పాక నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: మీకు రికార్డర్ వద్దు. తుది వీడియో 1080 అయితే, జీహెచ్4లోనే ప్రతి ఫ్రేమునూ విడిగా రాసే ఆల్-ఇంట్రా 200 మెగాబిట్ల అమరిక ఉంది. దానితో ఒక పొద్దు తీసి చూడండి, నీటి మీద తేడా మీకే కనిపిస్తుంది. 10-బిట్ కావాలనుకుంటే, 2017లో వచ్చిన జీహెచ్5 లోపలి కార్డులోకే 4కెను 10-బిట్, 4:2:2లో రాస్తుంది. బ్యాటరీ, కార్డుతో కలిపి జీహెచ్4 బరువు 560 గ్రాములు, జీహెచ్5 బరువు 725 గ్రాములు. ఆ 165 గ్రాముల తేడా రికార్డరూ దాని సరంజామా కలిపిన బరువు కంటే తక్కువ, మీ లెన్సులు అలాగే పనికివస్తాయి, కేబుల్ బెడద కూడా తగ్గుతుంది. బరువు పెరిగేది గింబల్ మీద కాబట్టి దాన్ని మళ్లీ తూకం చేసుకుంటే చాలు.

ప్రశ్న: పెళ్లి వీడియోలు తీస్తాను. నా దగ్గర మావిక్ 2 ప్రో, తెర ఉన్న స్మార్ట్ కంట్రోలర్ ఉన్నాయి. కంట్రోలర్‌కు ఉన్న హెచ్‌డీఎంఐ నుంచి కిందనే రికార్డర్ పెట్టుకుంటే, డ్రోన్ మీద బరువు పడకుండా మంచి నాణ్యత వస్తుంది కదా? — ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: రాదు, ఇంకా తగ్గుతుంది. కంట్రోలర్‌కు చేరేది గాలిలో పంపడానికి వీలుగా బాగా కుదించిన 1080 చిత్రం. మావిక్ 2 ప్రోలో ఆ ప్రసారం సెకనుకు అత్యధికంగా 40 మెగాబిట్లు; డ్రోన్ లోపలి కార్డులోకి రాసేది 100 మెగాబిట్ల 4కె. సంకేతం బలహీనపడినప్పుడల్లా ప్రసారం నాణ్యత తగ్గించుకుంటుంది, ఒక్కోసారి చిత్రం ఆగిపోతుంది. ఆ లోపాలన్నిటినీ మీ రికార్డర్ ఎంతో ఖరీదైన ఫార్మాట్‌లో పదిలంగా దాచిపెడుతుంది, అంతే. ఫంక్షన్ హాలు బయటి ఎల్‌ఈడీ తెర మీద ఊరేగింపును అప్పటికప్పుడు చూపించడానికి మాత్రం ఆ హెచ్‌డీఎంఐ చక్కగా ఉపయోగపడుతుంది.

రికార్డర్ మీద పెట్టదలచిన డబ్బులో కొద్ది భాగంతో లెన్సులోకి వచ్చే వెలుగును తగ్గించే మంచి ఎన్‌డీ ఫిల్టర్లు కొనండి. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టుకుంటే పందిరి దీపాలు మినుకుమినుకుమనవు, కదలిక కూడా సహజంగా ఉంటుంది. పగటి ఎండలో ఆ షట్టర్ నిలవాలంటే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా కుదరదు. రంగులు దిద్దే ఎడిటర్ ఉంటేనే హెచ్.265 కుదింపులో 10-బిట్ డీ-లాగ్-ఎం (తరువాత దిద్దుకోవడానికి వీలుగా రంగులను చప్పగా రాసే లాగ్ అమరిక) ఎంచుకోండి. లేకపోతే మామూలు రంగులే మేలు, ఎందుకంటే దిద్దని లాగ్ వీడియోలో పట్టుచీరలు కూడా బూడిద పూసినట్టు కనిపిస్తాయి. ఈ డ్రోన్‌లో 4కెకు రెండు అమరికలు ఉన్నాయి. విశాలంగా చూపే దానికంటే, సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే తీసుకునే హెచ్‌క్యూ అమరికలో వివరాలు స్ఫుటంగా వస్తాయి. మండపాన్నీ గుడి గోపురాన్నీ తీసేటప్పుడు దాన్ని వాడి చూడండి. కార్డు వీ30 (సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాసే) తరగతికి తగ్గకూడదు.

ప్రశ్న: నా డ్రోన్ 1.8 కిలోలు. రికార్డర్ పెడితే 2 కిలోలు దాటుతుంది. సరదాకే ఎగరేస్తాను. నిబంధనలు ఏమైనా మారతాయా? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మారతాయి. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనలు డ్రోన్లను మోసే సరుకుతో సహా గరిష్ఠ బరువును బట్టి విభజించాయి: 250 గ్రాముల వరకు నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో, ఆపైన 25 కిలోల వరకు స్మాల్. వ్యాపారం కోసం కాకుండా మైక్రో డ్రోన్ ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. 2 కిలోలు దాటిన క్షణం నుంచి మీకు అది కావాలి. డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీసేవారికి మైక్రో డ్రోన్‌కు కూడా కావాలి, ఈ సంగతి వరంగల్ పాఠకునికి కూడా వర్తిస్తుంది. నానో కానివాటికి థర్డ్ పార్టీ బీమా ఉండాలి. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కరలేని ప్రాంతంలో) కూడా 400 అడుగులు దాటకూడదు. విశాఖలో విమానాశ్రయమూ నౌకాదళ స్థావరమూ ఉన్నాయి కనుక, ఎగరేసే ప్రతిసారీ ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కైలోని మ్యాపు చూడడం మీకు మిగతావారికంటే ఎక్కువ అవసరం.

ప్రశ్న: చిన్న మడత డ్రోన్‌ను విప్పి, లోపలి నుంచి వైరు లాగి రికార్డర్‌కు కలపవచ్చని విన్నాను. సాధ్యమేనా? — ఒక విద్యార్థి, తిరుపతి

సమాధానం: ఆ ప్రయత్నం చేయకండి. మడత డ్రోన్లలో కెమెరాకు హెచ్‌డీఎంఐ ద్వారం ఉండదు. సెన్సర్ నుంచి సంకేతం ఆ తయారీదారు సొంత పద్ధతిలో సన్నని పట్టీ తీగ గుండా లోపలి చిప్పుకు వెళ్తుంది, దాన్ని ఏ రికార్డరూ చదవలేదు. గింబల్ పాడవడం తప్ప ఫలితం ఉండదు.

మీరు అడిగిన ఆలోచన వెనుక ఉన్న అవసరం మాత్రం నిజమైనదే, తయారీదారులు దాన్ని గుర్తించారు కూడా. 2014లో సోనీ ఏ7ఎస్ వచ్చినప్పుడు లోపల 1080 మాత్రమే రాసేది, 4కె కావాలంటే హెచ్‌డీఎంఐకి రికార్డర్ పెట్టక తప్పేది కాదు. మరుసటి ఏడాదే ఏ7ఎస్ 2లో 4కె లోపలికి వచ్చింది. అదే 2015లో డీజేఐ సంస్థ జెన్‌మ్యూజ్ ఎక్స్5ఆర్ కెమెరాలో 512 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీని (నిల్వ పరికరాన్ని) గింబల్ మీదికే తెచ్చి, రా వీడియో (సెన్సర్ ఇచ్చిన సమాచారాన్ని దిద్దకుండా భద్రపరిచేది) రాయించింది. 2016లో ఇన్‌స్పైర్ 2 ఆ ఎస్‌ఎస్‌డీని డ్రోన్ శరీరంలోకి మార్చి గింబల్ భారం తగ్గించింది. 2021 నవంబరులో మావిక్ 3 రెండు రకాలుగా వచ్చింది: మామూలుది 895 గ్రాములు, ఒక టెరాబైట్ ఎస్‌ఎస్‌డీతో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ రాసే సినీ రకం 899 గ్రాములు. బయట పెడితే 300 గ్రాములయ్యే రికార్డర్, లోపలికి చేరేసరికి నాలుగు గ్రాములైంది. డ్రోన్ల కోసమని తేలిక రికార్డర్లు ఇప్పుడు కొత్తగా పెద్దగా రాకపోవడానికి కారణం ఇదే అని నేను అనుకుంటాను. అయితే విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరి 9 నుంచి నిషేధించింది, విడిభాగాలకు మాత్రం అనుమతి ఉంది. కాబట్టి విదేశం నుంచి తెప్పించే ఆలోచన పెట్టుకోకండి. అలాంటి ఫుటేజీ కావలసినప్పుడు, నమోదైన డ్రోనూ సర్టిఫికెట్ ఉన్న పైలటూ ఉన్నవారిని అద్దెకు పిలవడమే మార్గం.

ప్రశ్న: లఘుచిత్రం తీస్తున్నాం. పెద్ద డ్రోన్ అద్దెకు తీసుకుని, సోనీ ఎఫ్ఎక్స్3 కెమెరాకు నింజా 5 రికార్డర్ తగిలించి రా వీడియో తీయాలని మా ఛాయాగ్రాహకుని కోరిక. ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా? — ఒక దర్శకుడు, హైదరాబాద్

సమాధానం: ఈ ఉత్తరాలన్నిటిలో రికార్డర్‌కు అర్హత ఉన్న సందర్భం మీ ఒక్కరిదే, అదీ కొన్ని దృశ్యాలకే. ఎఫ్ఎక్స్3 హెచ్‌డీఎంఐ నుంచి 16-బిట్ రా ఇస్తుంది, నింజా 5 దాన్ని ప్రోరెస్ రాగా రాసుకుంటుంది. ఎదురుగా సూర్యుడు, కింద నీడలో పాత్రలు ఉన్న దృశ్యంలోనూ, గ్రాఫిక్స్ కలపవలసిన దృశ్యంలోనూ ఎడిటింగులో తెలుపు సమతూకాన్నీ వెలుగునూ దిద్దుకునే వెసులుబాటు దానివల్ల పెరుగుతుంది. మిగతావాటికి ఈ కెమెరా లోపలి కార్డులోకే 4కెను 10-బిట్, 4:2:2లో, 25 ఫ్రేముల దగ్గర 250 మెగాబిట్ల చొప్పున, ప్రతి ఫ్రేమునూ విడిగా రాస్తుంది. గాలిలో తీసి పెద్ద తెర మీదికి పంపే దృశ్యానికి కూడా ఇది చాలు. నింజా 5కు ఉన్న 5.2 అంగుళాల ప్రకాశవంతమైన తెర నేల మీద ఎంతో విలువైనది, ఆకాశంలో దాన్ని చూసేవారు లేరు. ఆ తెర బరువునూ అది తాగే విద్యుత్తునూ డ్రోన్ ఊరికే మోస్తుంది. మే నెల ఎండలో తీస్తుంటే దాని ఫ్యానుకు గాలి ఆడేలా బిగించమని చెప్పండి.

నిల్వ లెక్క కూడా ముందే వేసుకోండి. 4కెలో 25 ఫ్రేముల దగ్గర ప్రోరెస్ 422 హెచ్‌క్యూ సెకనుకు 737 మెగాబిట్లు, అంటే గంటకు సుమారు 332 గిగాబైట్లు. మామూలు ప్రోరెస్ 422 అయితే 492 మెగాబిట్లు, గంటకు 221 గిగాబైట్లు. రెండు ప్రతులు దాచాలి కనుక ఈ అంకెలను రెట్టింపు చేసుకోండి. రా తీసినా తీయకపోయినా, డ్రోన్ ఎక్కించే ముందు రికార్డింగు మొదలుపెట్టి, ఎర్ర దీపం వెలిగిందని ఇద్దరు చూసి ఖాయం చేశాకే పైకి పంపించండి. దిగాక మోటార్లు ఆగేదాకా, ఆ తరువాత ఫైలు మూసుకునేదాకా విద్యుత్తు తీయకండి. మధ్యలో కరెంటు పోయిన ఫైలు చాలాసార్లు తెరుచుకోదు. చిత్రీకరణకు కొన్ని రోజుల ముందే ఇదే కెమెరా, ఇదే రికార్డర్, ఇదే కేబుల్‌తో ఒక దృశ్యాన్ని కార్డులోనూ రాలోనూ తీసి మీ ఎడిటర్‌కు పంపండి. ప్రోరెస్ రా ఆయన కంప్యూటర్‌లో, ఆయన సాఫ్ట్‌వేర్‌లో సాఫీగా తెరుచుకుంటోందో లేదో, రెండింటికీ తేడా ఆయన తెర మీద కనిపిస్తోందో లేదో తేలాకే అద్దె బయానా ఇవ్వండి.